చిన్నమ్మకు గుండెపోటు రాలేదు

మా చిన్నమ్మ పోయిందని పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు. "గుండెపోటంట" అన్నాడు. సొంత భార్య సంగతి చెబుతూ ఆ 'అంట' ఏమిటని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆమెకు నలభై దాటి ఎంతో కాలం కాలేదు. ఆ వారంలోనే హైదరాబాద్ వెళ్లి పొట్ట మీది కొవ్వు తీయించుకుని వచ్చింది. ఆ సంగతి బంధువుల్లో బాబాయికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

చిన్నమ్మ అంగన్‌వాడీ సూపర్‌వైజరు. ఇల్లు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. పని మాత్రం ములకలపల్లి మండలంలో. బస్సు దిగి, ఆటోలు మారుతూ అడవి అంచు ఊళ్లు తిరిగేది. కేంద్రానికి వచ్చిన గుడ్లను నీళ్లలో వేసి చూడనిదే పిల్లలకు పెట్టనిచ్చేది కాదు. పిల్లల బరువు చూసే ముందు ఖాళీ త్రాసు సరిగా ఉందో లేదో చూసేది. ఆమె వస్తోందంటే వాళ్ల వీధిలో టమాటాల బండి అతను మెత్తవి తనే ఏరి పక్కన పెట్టేవాడు. "నవ్వుకుంట అమ్మేటోని కాడ రెండుసార్లు చూసుకోవాలె బిడ్డా" అనేది. నేను డిగ్రీ చదివింది వాళ్లింట్లో ఉండే. రోజూ నాకు టిఫిన్ డబ్బా సర్దాక, చివరిసారి మూత తీసి వాసన చూసిగానీ చేతికిచ్చేది కాదు. ఆమె ప్రేమ కూడా అనుమానంలోంచే వచ్చేది. దానివల్ల బాగుపడినవాళ్లలో నేనొకదాన్ని.

రెండో కాన్పు ఆపరేషన్‌తో అయింది. ఆ తర్వాత పొట్ట తగ్గలేదు. ఒకసారి కొత్తగూడెం బస్సులో ఎవరో కాలేజీ అమ్మాయి సీట్లోంచి లేచి, "కూసోండి ఆంటీ, ఎన్నో నెల?" అంది. చిన్నమ్మ కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుంది. ఇంటికొచ్చి నాకు చెబుతూ నవ్వింది గానీ ఆ రోజు నుంచి రాత్రి అన్నం మానేసింది. నడిచింది, కషాయాలు తాగింది. చివరికి ఫోన్లో చూసిన ఒక హైదరాబాద్ క్లినిక్‌కు తోడు రమ్మంటే వెళ్లాను.

గోడ నిండా ఆపరేషన్‌కు ముందు, తర్వాత అంటూ పొట్టల ఫోటోలు. "ఒక్కదానికి గూడ మొకం లేదేందే?" అని నా చెవిలో అంది. లోపల డాక్టరును సూటిగా అడిగింది.

"మత్తు ఎవరిస్తరు సార్? ఏమన్న అయితే ఇక్కడ ఐసీయూ ఉన్నదా?"

"అంత దూరం ఆలోచించకండి మేడం. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. బ్యూటీ పార్లర్‌కు వచ్చినట్టే అనుకోండి" అని ఆయన నవ్వాడు.

బయటికొచ్చాక చిన్నమ్మే అంది. "అడిగినదానికి జవాబు చెప్పలే, చూసినవా?"

"చూశాను. అందుకే వద్దు చిన్నమ్మా."

కొంత దూరం నడిచాక కొంగు సర్దుకుంది. "కిందికి చూస్తే కుచ్చిళ్లు కనబడేటట్టు ఒక్కసారి చీర కట్టుకోవాలని ఉందే" అంది. అందరినీ అనుమానించిన మనిషి అక్కడ తన అనుమానాన్ని తనే పక్కన పెట్టింది. ఆ ఒక్క కోరిక ముందు ఆమె జాగ్రత్త నిలవలేదు.

ఆపరేషన్ అయ్యాక నడుం నుంచి తొడల దాకా బిగుతు బట్ట వేసి పంపారు. ఖమ్మం దాకా కారులో కదలకుండా కూర్చుని వచ్చింది. తర్వాత ఎడమ పిక్క నొప్పి పెట్టింది, వాచింది. మెట్లెక్కితే ఆయాసం. బాబాయి ఫోన్ చేస్తే క్లినిక్ వాళ్లు "మామూలే, బిగుతుకు అట్లనే ఉంటది, నొప్పి మాత్ర వేయండి" అన్నారు. చిన్నమ్మ ఆ మాట నమ్మలేదట. కానీ ఇక్కడి దవాఖానాకు పోదామంటే, తెలిసినవాళ్లు చూస్తారని వాయిదా వేసింది. మర్నాడు పొద్దున వంటింట్లో పడిపోయింది, దవాఖానాలో చేర్చిన కాసేపటికే పోయింది.

ఖమ్మం డాక్టరమ్మ మాకు దాపరికం లేకుండా చెప్పింది. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అడ్డుపడిందట. కొవ్వు తీయడం కూడా ఆపరేషనే, ఈ ప్రమాదం దానికీ ఉంటుంది. అది బరువు తగ్గించే వైద్యం కూడా కాదు. పిక్క వాచి ఆయాసం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. క్లినిక్ వాళ్లు మాత్రం "ఆమెది ముందు నుంచీ బలహీనమైన గుండె, మాకు చెప్పలేదు" అన్నారు. ముందు పరీక్షలన్నీ చేసింది వాళ్లే. మరి అప్పుడు కనబడని బలహీనత పోయాక ఎట్లా కనబడింది? బాబాయి మాత్రం ఆ గుండె మాటనే పట్టుకున్నాడు. 'సోకుకు పోయి సచ్చింది' అని ఎవరూ అనకూడదని ఆయన తాపత్రయం.

పెద్దకర్మకు ములకలపల్లి వైపు నుంచి అంగన్‌వాడీ టీచర్లు వచ్చారు. వాళ్లతో చిన్నమ్మ తోటి సూపర్‌వైజరు కూడా వచ్చింది. ఆమె బాబాయి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అన్నా, వదిన హైదరాబాద్‌ల ఎక్కడికో పోయొచ్చింది గద. నాకు గూడ ఆ క్లినిక్ పేరు చెప్తనన్నది. ఈ నెల పోదామనుకుంటున్న. వదినకొచ్చిన గుండెపోటుకూ దానికీ ఏం సంబంధం లేదు గద?"

లేదని చెప్పించుకోవాలనే అడిగింది. బాబాయి ఆమె వైపు తిరిగాడు. అందరికీ వినబడేటట్టే మాట్లాడాడు.

"గుండెపోటు కాదమ్మా. నేను అబద్ధం చెప్పిన."

పిక్క వాపు, ఆయాసం, ఫోన్లో వాళ్లిచ్చిన జవాబు, అన్నీ చెప్పాడు. "ఐసీయూ ఉన్నదా అని మీ వదిన అడిగింది. వాళ్లు నవ్విండ్రు. నవ్వినకాడికి పోకు తల్లీ." అక్కడున్న వాళ్లెవరూ సోకు మాట ఎత్తలేదు. ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనాల్లో ఆ సూపర్‌వైజరమ్మకు బాబాయే వడ్డించాడు. రెండో గంటె అన్నానికి ఆమె వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి విస్తరి మీద అలాగే కాసేపు ఆగింది. వేళ్ల మధ్య నుంచి అన్నం ఆవిరి పైకి లేస్తోంది. తర్వాత మెల్లగా చెయ్యి పక్కకు తీసింది.