ఒడిలోంచి తీసిన చలిమిడి

అమెరికాలో మేమున్న హెర్న్‌డన్, షాంటిలీ చుట్టుపక్కల మమ్మల్ని ఎరిగినవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. నా మొదటి భార్యకు పిల్లలు పుట్టరని, అందుకే మా సంసారం చెడిందని. మొదటి భార్య అన్నది వాళ్ల మాటే, రెండో ఆవిడ ఎవరూ లేరు. ఆ సంగతిలో నిజం లేదు. పిల్లలు పుట్టే యోగ్యత లేనిది నాకు. అది మాకిద్దరికీ 2006 నుంచీ తెలుసు. మిగతావాళ్లకు తెలియకపోవడానికి కారణం నేను.

మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజే నర్సు ఇద్దరికీ పరీక్షలు రాసింది. నాకొక మూత ఉన్న ప్లాస్టిక్ కప్పు ఇచ్చింది. దాన్ని బాత్రూమ్ అల్మరాలో షేవింగ్ క్రీమ్ వెనకాల పెట్టి, ఏడాదికి పైగా ముట్టుకోలేదు. ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజ్ అన్నాను, క్లయింట్ కాల్ అన్నాను. ఆ ఏడాదంతా పరీక్షలన్నీ ఆమెకే జరిగాయి. రక్తాలు తీశారు. గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. అది చాలా నొప్పి అట. అట అంటున్నానెందుకంటే ఆ గంటసేపూ నేను బయట లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ బాగానే ఉన్నాయని తేలాక డాక్టరమ్మ నావైపు తిరిగి, మొదటి వారంలో చేయించాల్సిన పరీక్ష ఇదొక్కటే మిగిలిందని చాలా మర్యాదగా చెప్పింది.

ఇంట్లో శాంపిల్ తీసి, చల్లబడకుండా కప్పును చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని, గంటలోపు ల్యాబ్‌కి చేర్చాలి. రూట్ 28 మీద ట్రాఫిక్‌లో దాన్ని పొట్టకు అదుముకుని డ్రైవ్ చేశాను. బిడ్డ కోసం నేను పడిన కష్టం మొత్తం ఇంతే.

వీర్యంలో కణాలే కనిపించలేదన్నారు. మళ్లీ చేసినా అదే మాట. డాక్టరమ్మ నా చిన్నతనం గురించి అడిగింది. ఎదిగే వయసులో గవదబిళ్లలు వచ్చాయా, అప్పుడు కింద వాపు గానీ వచ్చిందా అని.

వచ్చింది. తొమ్మిదో తరగతిలో. దవడలు వాచినప్పుడు మా అమ్మ తన మెడలోని బంగారు గొలుసు తీసి నా మెడలో వేసింది. గవదబిళ్లలకు మా ఇళ్లలో అదే మందు. దవడలు తగ్గే వేళకి వాపు కిందికి దిగింది. జ్వరంతో, కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటే ఏమైందిరా అని అమ్మ అడిగింది. సైకిల్ మీంచి పడ్డానని చెప్పాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ వయసు పిల్లాడి సిగ్గును నేను క్షమించగలను. తర్వాతది సిగ్గు కాదు.

ఆ రోజు క్లినిక్ పార్కింగ్ లాట్‌లో కారు స్టార్ట్ చేయకుండా కూర్చుండిపోయాను. నా భార్యే ముందు నోరు విప్పింది.

"వచ్చే నెల మీ అమ్మగారు వస్తున్నారుగా. రాగానే అడుగుతారు. ప్రస్తుతానికి ప్రాబ్లం నాలోనే ఉందని చెప్పండి."

"నీలో ఎందుకు?"

"మీ మొహం చూడలేకపోతున్నా, అందుకు. కొంచెం తేరుకున్నాక మీరే నిజం చెబుదురుగాని."

"థాంక్స్," అన్నాను. ఆఫీస్‌లో నా షిఫ్ట్ ఎవరైనా తీసుకుంటే అన్నట్టు.

అమ్మ వచ్చింది, అడిగింది, ఆమెలోనే లోపం అని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అమ్మ మనసులో చెడ్డది కాదు. తన లెక్కలో తను కోడలికి వైద్యం చేస్తోంది. శుక్రవారం శుక్రవారం గుడికి తీసుకెళ్లి ప్రదక్షిణలు చేయించేది. ఫోన్లో మా పిన్నితో మాత్రం గొంతు తగ్గించకుండా మాట్లాడేది. "మావాడికి ఏ లోపం లేదటే. దీని ట్యూబుల్లోనే ఏదో అడ్డం ఉందిట. ఏం చేస్తాం, చూసి చేసుకున్న సంబంధమే." వంటింట్లో నా భార్య చేతిలో గిన్నె ఒక్క క్షణం ఆగి, మళ్లీ నీళ్ల కిందికి వెళ్లేది. నేను టీవీ సౌండ్ పెంచేవాణ్ణి.

ఆ చలికాలంలోనే షాంటిలీలో ఉండే నా స్నేహితుడి భార్యకు సీమంతం చేశారు. బయల్దేరే ముందు నా భార్య చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "ఇవాళైనా మీ అమ్మగారికి చెబుతారా? అక్కడ నన్ను కూర్చోబెడతారు, నాకు తెలుసు," అంది.

"ఇవాళ వద్దు. వాళ్లింట్లో శుభకార్యం," అన్నాను.

బేస్‌మెంట్లో ఆడవాళ్లు, పైన మేం. మంచినీళ్ల కోసం నేనూ, నా స్నేహితుడూ కిందికి దిగేసరికి గాజులు తొడగడం అయిపోయింది. కడుపుతో ఉన్నామె ఒడిలో చలిమిడి పెట్టారు. ఆ ఒడిలోంచి తీసిన చలిమిడి తింటే పిల్లలు లేనివాళ్లకు కడుపు పండుతుందని మావాళ్ల నమ్మకం. అమ్మ నా భార్య భుజం పట్టుకుని ముందుకు తెచ్చింది.

"మా కోడలికి కూడా పెట్టమ్మా. కొంచెం పెద్ద ముద్ద పెట్టు. డాక్టర్ల వల్ల కాలేదు, నీ చేతి చలవ వల్లన్నా అవుతుందేమో."

అందరూ అయ్యో అన్నట్టు చూశారు. మెట్ల మీదున్న నా స్నేహితుడు మోచేత్తో నన్ను పొడిచి, అందరికీ వినబడేలా అన్నాడు. "ఒరేయ్, సగం నువ్వు కూడా తినరా. ఎఫెక్ట్ డబుల్ అవుద్ది."

గది గదంతా నవ్వింది. నా భార్య ఆ ముద్ద అరచేతిలో పెట్టుకుని నావైపు చూసింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నేనూ నవ్వాను.

ఆమె ఆ ముద్ద మొత్తం అక్కడే తినేసింది. నావైపే చూస్తూ, నెమ్మదిగా, అరచేతిలో ఏమీ మిగలకుండా. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ ఒకే మాట అంది.

"మీరు నవ్వారు."

తర్వాత కూడా దారులు లేకపోలేదు. లోపల ఎక్కడైనా కణాలు దొరుకుతాయేమో చిన్న ఆపరేషన్ చేసి వెతకొచ్చన్నారు. ఆ కోత నాకు వద్దన్నాను. దాత వీర్యంతో ప్రయత్నించవచ్చన్నారు. పిల్లాడు ఎవరి పోలిక అని జనం అడుగుతారన్నాను. పెంచుకుందామని ఆమె అంది. ఎందుకు పెంచుకున్నారని అడుగుతారన్నాను. చివరికి ఆమె అడగడం మానేసి, సియాటిల్ వైపు బాతెల్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లింది. విడాకుల కాగితాల మీద గొడవేమీ పడలేదు. నా గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇక్కడి ఆంటీలు మాత్రం పాపం ఒంటరివాడినని నాకు కూరలు, పప్పులు డబ్బాల్లో పెట్టి పంపారు. ఆ జాలి మీద చాలాకాలం బతికాను.

కొన్నేళ్లకు ఆమె మళ్లీ పెళ్లి చేసుకుందని, పాప పుట్టిందని తెలిసింది. మావాళ్లు మందుల గొప్పతనం అన్నారు. అమ్మ మాత్రం ఆ వార్త పక్కన పెట్టి ఇంకో కబురు మొదలుపెట్టింది.

"నీకో సంబంధం చూశాన్రా. పిల్లకి వయసు మరీ దాటలేదు. ఈసారి అన్నీ ముందే కనుక్కున్నా, ఏ లోపమూ లేదు."

ఈ ముద్ద ఇంకో ఆడపిల్ల చేతిలో పెట్టబోతున్నామని అప్పుడు అర్థమైంది. ఫోన్లోనే చెప్పేశాను. గవదబిళ్లలు, వాపు, సైకిలు, క్లినిక్ అన్నీ.

"నా గొలుసు వేశానుగా నాన్నా," అంది అమ్మ. "తగ్గిపోయిందిగా."

మళ్లీ తనే తేరుకుని, "ఈ మాట ఇంకెవరికన్నా చెప్పావా? చెప్పకు. ఆ పిల్ల ఎలాగూ సుఖంగానే ఉందిగా," అంది. ఆ సంబంధం వద్దన్నాను. ఇలా ఆలోచించడం నేను ఎక్కడ నేర్చుకున్నానో ఆ రోజు తెలిసింది. నేర్పింది అమ్మే అయినా, చదువుకున్నవాణ్ణి నేను.

ఆ వారాంతం షాంటిలీ వెళ్లాను. తలుపు తీసింది సీమంతం నాడు కడుపులో ఉన్న పాప. "అంకుల్, జూస్ కావాలా మీకు?" అని తన అమెరికా తెలుగులో అడిగి పైకి పరిగెత్తింది. వంటింట్లో నా స్నేహితుడికీ అతని భార్యకూ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె స్టవ్ ఆపేసింది.

"దీని బారసాలకి వదినని పిలవలేదు నేను," అంది. "పిల్లలు లేనావిడ, దిష్టి తగులుతుందని మా అమ్మ అంటే ఊరుకున్నా. ఎవర్నీ పిలవట్లేదని వదినకి అబద్ధం చెప్పా. ఈయన పిలిస్తే సాయంత్రం మీరొక్కరే వచ్చారు, గుర్తుందా అన్నయ్యగారూ? మీకు వడ్డించింది నేనే."

గుర్తుంది. ఆ రోజు ఇంటికి వెళ్లాక, ఏం పెట్టారని నా భార్య అడిగింది కూడా.

"వదిన మాకెవరికీ చెప్పలేదే."

"నేను చెబుతానని ఆగింది."

"ఇన్నేళ్లా?"

నా భార్య నంబరు తన దగ్గరుంటే, క్షమించమని నా తరఫున ఒక్క మాట చెప్పమన్నాను. ఆమె గిన్నె మీద మూత పెట్టింది. "నా క్షమాపణ నేను అడుక్కుంటా. మీది నేను మోయను. ఇప్పటికే మీది చాలా మోసిందో ఆడది."

నా స్నేహితుడు కారు దాకా వచ్చి, చేతులు జేబుల్లో పెట్టుకుని, "ఆ రోజు మెట్ల మీద నేనేదో జోకేశాను కదరా?" అన్నాడు.

"వేశావు."

"నాకు తెలీదురా."

"నాకు తెలుసు," అన్నాను. "తెలిసే నవ్వాను."