పెద్దమ్మ సాక్ష్యం

పొదిలి దగ్గర మా ఊరి చర్చిలో ఆదివారం సాక్ష్యం చెప్పేవాళ్ళు జబ్బు నయమైందని దేవుణ్ణి స్తుతిస్తారు. మా పెద్దమ్మకు ఏదీ నయం కాలేదు. అయినా వారం వారం లేచేది. డయాలసిస్ సూదులకు ఉబ్బిపోయిన ఎడమ చెయ్యి పైకెత్తి, "ఉచ్చా నెత్తురూ పరీక్ష చేయించుకోండమ్మా" అనేది. చర్చిలో ఆ మాటేమిటని ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. పాస్టరుగారు "ఇక కూర్చోండమ్మా" అనేవారు.

నిరుడు మిరపకోతలప్పుడు ఆరోగ్య కేంద్రం నర్సమ్మను బతిమాలి, సోమవారం చర్చి వసారాలోనే పరీక్షలు పెట్టించింది. ముందురోజు ఆరాధనలో లేవలేకపోతే కోడలు పట్టుకుని నిలబెట్టింది.

"బీపీ, షుగరు ఉన్నోళ్ళన్నా రండమ్మా. నొప్పేం లేదుగా అంటారు. నాకూ లేదు. తెలిసేసరికి రెండు కిడ్నీలూ పోయినయ్. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అందరూ ఆమెన్ అన్నారు.

సోమవారం పొద్దున్నే కూలీల ఆటోలు చర్చి ముందునుంచే మిరపచేలకు బయల్దేరాయి. నర్సమ్మ పక్కన కుర్చీలో కూర్చుని, ఆగమని పెద్దమ్మ ఆ చెయ్యే ఎత్తి ఊపుతూ ఉంది.

ఆటోల్లోంచి వాళ్ళూ చేతులూపారు.