వరసలో వెలిగిన కొవ్వొత్తి

జివొతా అంత మెతక మనిషిని లారీ డ్రైవర్లలో నేనింకొకణ్ణి చూడలేదు. అతని పెళ్లికి సాక్షిగా నిలబడ్డది నేనే. మా సెర్బుల్లో ఆ చుట్టరికం తెగేది కాదు. ఆనాటి నుంచీ ఒకరికొకరం బావలం. అతని భార్య దెసాంకా, జర్మనీ వాళ్లు మా ఊళ్లో పెట్టిన ఫ్యాక్టరీలో కారు సీట్లకి తొడుగులు కుట్టేది. ఆ తొడుగుల్ని జివొతా లారీకెత్తుకుని, హంగరీ సరిహద్దు గేటు దాటి, స్లొవాకియాలో కార్లు తయారయ్యే చోట దించి వచ్చేవాడు.

జర్మనీ వాళ్లు మా మొహాలు చూసి రాలేదు. మా జీతాలు చూసి వచ్చారు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కాకపోతే వాళ్లు గేటు సంగతి లెక్కలో వేసుకోలేదు. లారీల వరస ఒక్కోరోజు కనుచూపు మేర ఉండేది. తొడుగులు వేళకి అందక అక్కడ కార్ల పని ఆగితే జరిమానా మా ఫ్యాక్టరీ నెత్తిన పడేది. జీతాల్లో మిగిలినదంతా ఆ గేటు దగ్గర కరిగిపోయేది.

చివరికి మేనేజరు టీడెమాన్ అందర్నీ పోగేసి దుబాసీ చేత చెప్పించాడు. "గేటుకి అవతల హంగరీలో జీతాలు ఎక్కువే. కానీ అక్కణ్ణుంచి స్లొవాకియాకి మా లారీ ఎక్కడా ఆగక్కర్లేదు. డిసెంబరులో ఒక వారం చూస్తాం. సరుకు వేళకి చేరితే ఇక్కడే ఉంటాం."

ఆ వారంలోనే సెయింట్ నికొలా పండగ పడింది. మాలో ఎన్నో ఇళ్లకి ఆయనే ఇలవేల్పు. ఆ మాట టీడెమాన్ చెవిన ఒక్కరూ వెయ్యలేదు. వేస్తే సెలవు అడుగుతున్నామనుకుంటాడని భయం. ఇంత తెలివితక్కువ పని మావాళ్లే చేయగలరు.

పండగనాడు కొవ్వొత్తి వెలిగించాల్సింది ఇంటి యజమాని. ఇల్లు వదలనని జివొతా మొరాయించాడు.

"ఏం, లారీలో వెలగదా కొవ్వొత్తి?" అంది దెసాంకా. "నా మిషను పోతే నికొలా వచ్చి కూడు పెడతాడా? వెళ్లు!"

అక్రోటు పొడి, చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు, పండగ ప్రసాదం, ఒక గిన్నెడు చేతికిచ్చి పంపింది.

ఆ రోజు నేను యాపిల్ పళ్లు తోలుతూ వరసలో అతని వెనకే ఉన్నాను. జివొతా ముందు అద్దం దగ్గర కొవ్వొత్తి వెలిగించాడు. ఈ పండగకి మేం ఎవర్నీ పిలవం. పండగని తెలిసినవాడు తనంతట తనే వస్తాడు, వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం మహాపాపం. వెలుగు చూసి ఒక డ్రైవరు వచ్చి, "పండగ శుభాకాంక్షలు, అన్నా," అన్నాడు. జివొతా కిందికి దిగి, గోధుమల గిన్నె ముందుకు చాచాడు. ఇంకొకడొచ్చాడు. వాడి వెనక మరో ఇద్దరు. అంతలో వరస కదిలింది.

"బావా, బండి తియ్యి!" అని అరిచాను.

"ఒక్క చెంచా, బావా! గుమ్మంలోకొచ్చిన మనిషిని పొమ్మంటానా?"

"అది గుమ్మం కాదురా, టైరు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే వెనక లారీ ఒకటి పక్కనుంచి దూరింది. ఒకటి దూరాక మిగతావి ఊరుకుంటాయా? మా వంతు వచ్చేసరికి గేటు దగ్గర డ్యూటీ మారే వేళైంది. కొత్తవాళ్లు కుర్చీల్లో కూర్చునేదాకా మేం నిలబడే ఉన్నాం. స్లొవాకియాలో కార్ల పని ఆగింది.

వసంతంలో ఫ్యాక్టరీ ఎత్తేస్తున్నామన్నారు. ఆ ఒక్క ఆలస్యానికే అంటే నేను నమ్మను. పోయేవాడికి వంక దొరకడం ఎంతసేపు? దెసాంకా మాత్రం నమ్మింది. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. సూపు గిన్నె అతని ముందు పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయేది. ఆ కొద్ది నెలల్లోనే జివొతా ముసలివాడైపోయాడు.

కుట్టుమిషన్లు అవతలికి తోలే పని మా ఇద్దరికే ఇచ్చారు. దెసాంకా మిషను జివొతా లారీలో పడింది. దాని మెడకి దిష్టి తగలకుండా ఆమె కట్టిన ఎర్రదారం ఇంకా అలాగే ఉంది.

గేటు దగ్గర అలవాటుగా వరస చివర ఆగాం. అక్కడి మనిషి చెయ్యి ఊపాడు. "ఫ్యాక్టరీ యంత్రాలేనా? కాగితాలు ముందే వచ్చాయి. అటు పక్క దారిన పొండి."

సిగరెట్టు కాలేలోగా అవతల ఉన్నాం. సరుకు పంపుకునేవాడికి దొరకని దారి మూటాముల్లె సర్దుకునేవాడికి దొరికింది. నాకు ఒళ్లు మండిపోయింది.

కొంచెం దూరం పోయాక జివొతా బండి పక్కకి తీసి ఆపాడు.

"ఏమైంది, బావా?"

"కాసేపు ఆగుదాం."

ఆ కాసేపు పొద్దు వాలేదాకా సాగింది. రొట్టె, ఉప్పు పట్టించిన పంది మాంసం తిన్నాం. అప్పుడు దెసాంకాకి ఫోను కలిపాడు.

"ఇప్పుడే దాటాం. పొద్దుట్నుంచీ నిలబెట్టేశారు."

అవతలి మాట పక్కనున్న నాకూ వినబడుతూనే ఉంది.

"చూశావా మరి," అంది. ఆ గొంతులో అంత మెత్తదనం విని ఎన్నాళ్లైందో. "పండగ లేదు, కొవ్వొత్తి లేదు, అయినా నిలబెట్టారు. నీ తప్పేం లేదు, జివొతా. ఏమైనా తిన్నావా?"

"తిన్నాను," అన్నాడు.

ఫోను జేబులో పెట్టుకుని, నా వైపు చూడకుండా బండి ఎక్కాడు.