గజపతినగరం నుంచి శ్రీకాకుళానికి, నోరు మూసుకుని

మెడలో గడ్డలకి మందులు ముగిసి ఏడాది అయింది. అవి మళ్ళీ వచ్చాయో లేదో తేల్చే స్కాన్ ఎలాగూ చేయించుకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే నా మనవరాలు డాక్టర్ మేఘన శ్రీకాకుళంలో అణువైద్యం మీద, ఒంటి లోపలి బొమ్మలు తీసే యంత్రాల మీద ఒక సదస్సు తలపెట్టింది. ‘ఇంత పెద్ద సదస్సు శ్రీకాకుళంలోనా?’ అని పెద్ద నగరాల డాక్టర్లు ముక్కు విరిచారట. అందుకని సభ మధ్యలో ఒక స్కాన్ అప్పటికప్పుడు తీసి చూపించి తీరాలని దీని పంతం. “ఎవరిది చూపిస్తావే?” అన్నాను. నా వైపే చూసింది. “సరే, నాదే చూపించు. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి అణువు గురించి నేను చెప్పాను. ఇప్పుడు అది నా గురించి ఏం చెబుతుందో విందాం,” అన్నాను. డాక్టరుగా సంతకం పెట్టించుకుని, మనవరాలిగా కళ్ళు తుడుచుకుంది.

గజపతినగరంలో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. పోనూ రానూ కారుకి మూడున్నర వేలు. బస్సయితే విజయనగరం కాంప్లెక్సులో మారాలి, ఖాళీ కడుపుతో ఆ పని పెట్టుకోకండి. విజయనగరం దాటి నెల్లిమర్ల దారి పట్టేసరికి పొగమంచు కమ్మేసింది. తాటిచెట్లకి మొదళ్ళు లేవు, తలలు మాత్రం గాలిలో తేలుతున్నాయి. రాత్రి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదేమో, నేనూ అలాగే తేలుతున్నాను. ఈ వయసులో ఇంత తేలికగా ఉండడానికి జనం ఆశ్రమాలకి వెళ్తారు.

రణస్థలంలో హైవే ఎక్కే ముందు డ్రైవరు సత్యం ఒక టిఫిన్ బండి దగ్గర ఆపాడు.

“ఏటమ్మా, ఒక్క ఇడ్డెనైనా ముట్టరా? కళ్ళు తిరిగి పడిపోతే మేఘనమ్మకి నానేటి సెప్పాల?”

“పడిపోయిందని చెప్పు. చదువుకున్న పిల్ల, అర్థం చేసుకుంటుంది.”

బండి దగ్గరి ఆవిడ జాలిగా చూసింది. “ఉపాసమా అమ్మా? ఏ దేవుడికి?”

“కొత్త దేవుడులే. చక్కెర ఆయనే పోస్తాడట, మనం తినకూడదట.”

ఏడున్నరకి శ్రీకాకుళం ఊరి బయట స్కాన్ కేంద్రం చేరాం. మందు విశాఖపట్నం నుంచి సీసం పెట్టెలో అప్పుడే దిగింది. అది చక్కెరే, కాకపోతే కాస్త అణుధార్మికత అంటించిన చక్కెర. రెండు గంటలు తిరిగేలోపే దాని సత్తువ సగం అయిపోతుంది. అందుకే అక్కడ రోగి కోసం మందు ఆగదు. సూది వేసిన కుర్రాడు గట్టిగా చెప్పాడు: “గంటసేపు కదలొద్దు, నమలొద్దు, మాటాడొద్దండి. ఏ కండ వాడితే ఆ కండ ఈ చక్కెర తాగేసి బొమ్మలో ఎలుగుతాది.”

గదిలో మసక వెలుతురు. రెండు మంచాలు, మధ్యన సీసం తడిక. కళ్ళు మూసుకుంటే నా రక్తం చీకట్లో పారే ఏరులా, దాని మీద ఎవరో సన్నటి దీపాలు వదులుతున్నట్టు ఉంది. పొగమంచు నా వెనకే లోపలికి వచ్చిందనిపించింది.

“ఒదినా, ఏ ఊరు మీది?” తడిక అవతల నుంచి ఒక ఆడగొంతు.

మా వైపు పేరు తెలియని ఆడది ఎవరైనా ముందు వదినే అవుతుంది. వదినన్నాక ఒక మాటంటే రెండు మాటలు తిరిగి అనకపోతే అమర్యాద. నేను పళ్ళు బిగించాను.

“పలకవేటి? మూగదానివా, డబ్బున్నదానివా?”

నాలుక దురదపెట్టింది. ఓర్చుకున్నాను. కాసేపటికి అదే గొంతు, ఈసారి చిన్నగా: “బయమేస్తందే ఒదినా. మా ఆయన సేపల ఏటకెల్లిపోనాడు. ఒక్కర్తినే వచ్చీసినాను.”

“మూగదాన్నీ కాను, డబ్బూ లేదు,” అన్నాను. “చెప్పు.”

పేరు నూకమ్మ. కళింగపట్నం దగ్గర చేపలమ్ముకునే మనిషి. ఇదే మొదటి స్కాన్. ఒంట్లోకి ఏం ఎక్కించారో చెప్పమంది. చెప్పాను. “అయితే మా సముద్రమే ఇది. కొన్ని రాత్రులు నీల్లలో సెయ్యెట్టి కదిపితే, కదిపిన కాడల్లా నీలంగా ఎలుగుతాది. కదపకపోతే సీకటే,” అంది. ముప్పై ఏళ్ళ పాఠాల్లో నాకీ పోలిక తట్టలేదు. ఆ నీలి వెలుగులో ఇద్దరం గంటసేపు ఈదాం. మధ్యలో ఆవిడ నా వంటనీ, నేను ఆవిడ మొగుణ్ణీ తిట్టుకున్నాం కూడా.

స్కాన్ అయ్యాక నన్ను పక్కగదిలో తెర ముందు కూర్చోబెట్టారు. తెరలో అటు ఊళ్ళో మేఘన సభ, ఇటు నేను. నా బొమ్మ తేలింది. మెదడు వెలుగుతోంది, సంతోషం. గుండె వెలుగుతోంది, మంచిదే. మెడలో కూడా ఒక వెలుగు. మేఘన ముఖంలో రక్తం లేదు. మైకు దగ్గరికి వంగింది.

“అమ్మమ్మా, సూది తరవాత మాట్లాడావా?”

నా జన్మలో మొదటిసారి జవాబు ఆలస్యం చేశాను. “కొంచెం.”

“ఎంత కొంచెం?”

సూది వేసిన కుర్రాడు వెనక నుంచి అందుకున్నాడు: “గంటంతా ఒకటే కబుర్లండి. రెండుసార్లు తలుపు కొట్టి సెప్పినాను!”

సభ గొల్లుమంది. మేఘన నవ్వలేదు. ఒక్కొక్క పొరే తిప్పి చూసింది. వెలుగు గొంతుకి రెండు వైపులా సమంగా ఉంది, మాట పుట్టే కండల్లోనే. పాత గడ్డలున్న చోట చీకటి. ఎక్కడా చుక్క లేదు. అప్పుడు కుర్చీలో కూలబడి, అందరి ముందూ ఏడ్చేసింది. పెద్ద నగరాల డాక్టర్లు లేచి చప్పట్లు కొట్టారు, దాని సదస్సుకో, నా నోటికో తెలియదు.

తిరుగుదారిలో నాగావళి వంతెన మీద ఎండ పరుచుకుంది. సాయంత్రం దాకా పసిపిల్లల దగ్గరికి వెళ్ళకూడదు, నాలోంచి ఇంకా కిరణాలు వస్తున్నాయట. అరసవల్లి సూర్యదేవుడి గుడి వైపు చూసి, ఈ పూటకి మన ఇద్దరిదీ ఒకే ఉద్యోగం స్వామీ అనుకున్నాను. నూకమ్మ ఫలితం వచ్చే వారం తెలుస్తుంది. నా ఫోన్ నంబరు తీసుకుని, “బాగుంటే నవ్వుతాను, బాగోకపోతే తిడతాను, రెండిటికీ ఎత్తాల,” అంది. ఏడాదిగా నా మెడలో చీకటిని తలుచుకుని భయపడ్డాను. తీరా చూస్తే ఉండాల్సిన చోట చీకటి ఉంది, నోరున్న చోట వెలుగు ఉంది.

ఈ స్కాన్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: సూది తరవాత నోరు మెదపకండి. మాట్లాడక తప్పని మనిషి పక్కన ఉంటే మాట్లాడండి, కాకపోతే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.