ఏడో అంగ కాడ గూటం

గట్టుప్పల్‌ల మగ్గాలు నేసే వెంకటరాజం బిడ్డ సంధ్య. ఇండియా టీముల బాల్ వేసే పిల్ల. ఆమె వేసేదాన్ని ఫాస్ట్ మీడియం అంటరట. ఏం లేదు, పల్లెవెలుగు బస్సు కంటె ఎక్కువ, ఎక్స్‌ప్రెస్ కంటె తక్కువ.

గామె బాల్ వేసుడు నేర్సింది గ్రౌండ్ల కాదు, బాపు పడుగు సాపే గల్లీల. చీర నేసే ముందు నిలువు దారాలన్ని గల్లీ పొడుగూత గుంజి కట్టి గంజి పెడ్తరు, గదే పడుగు. ఒకదిక్కు పడుగు, ఇంకోదిక్కు యాదగిరి ఇంటి గోడ, నడుమ రెండు మూరల జాగా. బాల్ కుడికి పోతే దారాలు తెగుతయ్, బాపు చెవు మెలేస్తడు. ఎడమకు పోతే యాదగిరి పెండ్లాం నోరు తెరుస్తది. చెవు కంటె గా నోరంటెనే పిల్లకు భయం. గందుకే బాల్ గీత గీసినట్టు సీదా పోయేది. అన్న మహేశ్ అటుకొసకు చెక్క పట్టుకొని నిలబడేటోడు. బాల్ దగ్గరికొస్తె కండ్లు మూసుకునేటోడు. పేరుకే బ్యాట్స్‌మన్.

గల్లీ మొదట్ల, సరిగ్గ ఆమె ఉరికే తొవ్వల, పడుగు తాడు కట్టే గూటం, అంటే భూమిల దిగేసిన కట్టె గుంజ, ఉంటది. తాత దిగేసిన గూటం.

"బాపూ, దాన్ని జర పక్కకు పాతరాదూ?"

"నువ్వే పక్కకు ఉరుకు. గది నీ కంటె ముందు పుట్టింది."

పక్కకు జాగా ఏడిది? గందుకే ఏడో అంగ కాడ మేకపిల్ల లెక్క ఎగిరి దుంకి, మల్ల మూడంగలేసి బాల్ వేసేది. గట్లనే బడిల దుంకింది, నల్లగొండల దుంకింది, హైదరాబాద్‌ల దుంకింది. ఆడ గూటం లేదు, ఏం లేదు, అయినా దుంకింది.

ఇండియా టీములకు తీసుకున్నరని ఫోన్ వచ్చిననాడు వాడకట్టంత టపాకులు కాల్చిన్రు. వెంకటరాజం మగ్గం మీదికెల్లి లేవనేలే. "గీ చీర దింపాలె" అన్నడు. పేక దారం ఉరికిచ్చే నాడెను, దారం లేకుంటనే అటిటు గంటసేపు ఆడిచ్చిండని పెండ్లాం వెంకటనర్సమ్మ ఇప్పటికీ ఎక్కిరిస్తది.

టీముల కోచ్ సారు పిల్లను చూసి, "గా ఎగురుడేంది? దమ్మంత గాడనే పోతాంది. బంద్ చెయ్" అన్నడు. అంత పెద్ద సారు చెప్పినంక కాదంటదా? ఎగురుడు బంద్ వెట్టింది. బాల్ సీదా పోవుడు బంద్ వెట్టింది. రెండు మ్యాచులల్ల ఆమె వేసిన వైడ్ల ఎనక ఉరికి ఉరికి కీపర్ పిల్ల బక్కగైంది. మూడో మ్యాచుకు సంధ్య పేరు లేదు. "నెలయినంక ఒక్కసారి చూస్తం. గప్పుడు గూడ గిట్లనే వేస్తే ఇగ రానక్కర్లే" అన్నరు.

ఇంటికొచ్చి మూలకు కూసున్నది. తల్లి సర్వపిండి ముందర పెట్టి, "వైడ్లేసినోల్లకు ఆకలి కాదానే? తిను" అన్నది. వెంకటరాజం మాత్రం బిడ్డను గల్లీలకు తోలుకపోయిండు. "వెయ్యి, చూస్త."

"పడుగు సాపున్నది బాపూ. దారాలు తెగుతయ్."

"తెగితే అతుకుత. నా పనే గది."

సంధ్య ఉరికింది, వేసింది. పదకొండు దారాలు తెగినయ్. ఆమె నడుమలనే నిలబడి కింద చూసింది.

"బాపూ, గూటమేది?"

వెంకటరాజం మెడ గోక్కున్నడు. "ఇండియా ప్లేయర్‌వైతివి. కాలుకు తాకుతదని పీకి పక్కకు పాతిన."

వెంకటనర్సమ్మ నెత్తి కొట్టుకున్నది. "పిల్ల పదేండ్లు అడిగితే పీకకపోతివి! ఇప్పుడు పీకుతివా? జల్ది పాతు!"

సుత్తె తెచ్చి, పాత బొందలనే దిగేసిండు. సంధ్య మల్ల ఉరికింది. ఏడో అంగ కాడ ఎగిరింది. బాల్ గోడకు తాకలే, దారానికి తాకలే. పోయి అటుకొసకు నిలబడ్డ మహేశ్ మోకాలికి తాకింది. ఇగ నెలంత గదే పని. మహేశ్ మోకాలికి నెలంత జండూబామ్.

పరీక్షనాడు కోచ్ సారు కండ్లెర్ర చేసిండు. "మల్ల ఎగురుతున్నవ్?"

"ఆడ గూటముంది సార్."

ఆయన పోయి గడ్డిల వంగి చూసిండు. "ఏదీ?"

"మీకు కనపడదు సార్."

ఆరు బాల్స్ వేస్తే ఆరూ నడిమి వికెట్‌కే తాకినయ్. సారు జేబులకెల్లి పెన్ను తీసి పేరు రాసుకున్నడు.

మ్యాచ్‌నాడు పగటిపూట యాదగిరి గూడ వచ్చి టీవీ ముందర కూసున్నడు. "ఏందన్నా, మీ పిల్ల ఇంక గట్లనే దుంకుతదా?" అని అడగబట్టె. వెంకటరాజం పెదవులల్లనే అంగలు లెక్కవెడ్తాండు. ఏడో అంగ కాడ సంధ్య ఎగిరింది. మంచం మీద ఆయన కాలు గూడ ఎగిరింది. ఆడ వికెట్ పడ్డది, ఈడ గా కాలు తాకి యాదగిరి చేతులున్న ఛాయ్ గిలాస పడి పగిలింది.

వెంకటనర్సమ్మ పెంకులు ఏరుకుంట మొగనిదిక్కు చూసింది. "అతుకు ఇగ. నీ పనే గద గది."