రొయ్యల చెరువు గట్టు మీద ఉప్పుకయ్య కచేరీ

శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నరకి రాజమండ్రిలో రైలెక్కాను. యాభై తొమ్మిదేళ్ల వయసులో మోకాళ్ల నొప్పి మాత్రలు సంచిలో వేసుకుని, రొయ్యల చెరువు దగ్గర జరిగే ట్రాన్స్ కచేరీకి బయల్దేరానంటే నవ్వేవాళ్లు నవ్వొచ్చు. మా చెల్లెలు ముందురోజు ఫోన్లో కడుపుబ్బ నవ్వింది. తను రోజూ చూసే సీరియళ్లకి నేనెప్పుడూ నవ్వలేదు.

ట్రాన్స్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇందులో మాటలుండవు. నిమిషానికి నూట నలభై దెబ్బల లెక్కన డ్రమ్ము ఒకే తీరుగా నడుస్తుంది. దాని మీద కంప్యూటర్లో చేసిన స్వరాలు మెల్లగా మారుతూ పోతాయి. మధ్యలో ఒకచోట డ్రమ్ము ఆగిపోతుంది. కాసేపు నిశ్శబ్దం. వినేవాళ్లు చేతులు పైకెత్తి నిలబడతారు. అప్పుడు డ్రమ్ము ఒక్కసారిగా వచ్చి పడుతుంది. దాన్ని డ్రాప్ అంటారు. ఆ ఒక్క క్షణం కోసమే చాలామంది ఊళ్లు దాటి వస్తారు. నేనూ అంతే.

ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్నదాన్ని. ముందుగానే రిటైరయ్యాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించి ఇంటర్నెట్లో ఏదో ఒకటి వింటుండేదాన్ని. అలా ‘ఉప్పుకయ్య’ అనే పేరు తగిలింది. ఎవరో కృష్ణా జిల్లా మనిషి, డ్రమ్ము కింద నీళ్లని ఎవరో ఆపకుండా కొడుతున్నట్టు ఒక చప్పుడు పెడతాడు. నాలుగేళ్లుగా వింటున్నాను. ఆ మనిషి ముఖం ఎవరూ చూడలేదు. మాలాంటి అభిమానులు రెండు వందలమంది దాకా ఒక ఫోన్ గ్రూపులో ఉన్నాం. అందులో తెల్లజుట్టు నా ఒక్కదానిదే కాబట్టి అందరికీ నేను ఆంటీనే. పోయిన వారం గ్రూపులో ఆ మనిషే రాశాడు: శనివారం మధ్యాహ్నం మూడింటికి, నాగాయలంక దాటాక, మొదటిసారి అందరి ముందూ.

తొమ్మిది దాటాక గుడివాడలో దిగాను. మచిలీపట్నం బండికి గంటన్నర వ్యవధి ఉంది. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. చట్నీలో కారం గట్టిగానే ఉంది. బండిలో నా ఎదురుగా పెడన వెళ్తున్న కలంకారీ అద్దకం పనివాడొకాయన కూర్చున్నారు. ఎక్కడికని అడిగితే పాటల కచేరీకని చెప్పాను. “ఎవరు పాడతారండీ?” అన్నారు. ఎవరూ పాడరన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు.

బందరులో బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది, దోమలు కూడా ఉన్నాయి. సాయంత్రం టీ తాగుతుంటే పక్క షాపు ముందు నలుగురు మనుషులు నిలువెత్తు స్పీకర్లు దులుపుతున్నారు. రేపు ఎక్కడికని ఊరికే అడిగాను. షాపు యజమాని ఖాదర్ బాషా గారు, పెళ్లిళ్లకీ సభలకీ సౌండ్ పెట్టే మనిషి, తల గోక్కున్నారు.

“నాగాయలంక అవతలండీ. పెళ్లి కాదు, మీటింగు కాదు. పాటలో మాటల్లేవంట. మాటల్లేకపోతే ఎప్పుడు అయిపోయిందో మాకెట్టా తెలుస్తుందండీ?”

నేనూ అక్కడికేనని చెప్పేసరికి ఆయనకి ధైర్యం వచ్చినట్టుంది. మర్నాడు తన వ్యాన్లోనే రమ్మన్నారు.

శనివారం తొమ్మిదిన్నరకి బయల్దేరాం. వెనకాల స్పీకర్లు, ఒక జనరేటర్. ముందు డ్రైవరు, ఖాదర్ గారు, నేను. చల్లపల్లి, మోపిదేవి మీదుగా నది పాయ మీద కట్టిన పులిగడ్డ అక్విడెక్టు దాటితే దివిసీమే. అవనిగడ్డలో పదకొండున్నరకే భోజనం చేశాం. దొండకాయ వేపుడు రెండోసారి అడిగి వేయించుకున్నాను. నాగాయలంక దాటాక వరి పోయి చెరువులు మొదలయ్యాయి. ఒకదాని పక్కన ఒకటి, నలుచదరంగా, మధ్యలో బండ్లు తిరిగే మట్టి గట్లు. ప్రతి చెరువులోనూ మోటారుతో తిరిగే రెక్కల చక్రాలు నీళ్లని కొడుతున్నాయి. వాటిని ఏరేటర్లంటారు. ఆ చప్పుడు వినగానే గుర్తుపట్టాను. నాలుగేళ్లుగా నేను వింటున్నది ఇదే.

గట్టు మీద మా కోసం ఎదురుచూస్తున్న ఉప్పుకయ్య ఆడపిల్ల. ముప్పై లోపే ఉంటుంది. పేరు సలోమి. బందరులో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం, ఆదివారం చర్చిలో కీబోర్డు. నేను ఆంటీనని చెప్పగానే నా చేతులు రెండూ పట్టుకుంది.

“మగాడనుకున్నారు కదండీ. అందరూ అనుకుంటారు. నేనూ కాదనలేదు.”

పొద్దున్నే చెరువుల్లో నీళ్ల శాంపిల్స్ తీయడానికి వచ్చినప్పుడు, ప్లాస్టిక్ డబ్బాలో మైకు పెట్టి ఏరేటరుకి కట్టి చప్పుడు రికార్డు చేస్తుందట. ఇంటికెళ్లి లాప్‌టాప్‌లో దాన్ని ముక్కలు చేసి డ్రమ్ముకి జతచేస్తుందట. ఈ రోజు మాత్రం నిజం ఏరేటర్లు తిరుగుతుంటే వాటి మీదే తన పాట నడపాలని ప్లాను.

“రెండూ ఎప్పుడూ పూర్తిగా కలవవండి. మోటార్లు నా తాళాన్ని లెక్కచేయవు. కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి జారుతుంటాయి. ఆ జారుడు వినడానికే నేను ఇక్కడ పెట్టమన్నాను.”

చెరువు వెంకటరత్నం గారిది. చుట్టం కాకపోయినా సలోమి ఆయన్ని మావయ్యా అంటుంది. ఇంకో ఐదు రోజుల్లో పట్టుబడి, అంటే వల వేసి రొయ్య పట్టి అమ్మడం. పోయినసారి పంట తెగులుతో పోయింది. ఈసారీ పోతే చెరువు వదులుకోవడమేనని ఆయనే చెప్పారు. వారం రోజులుగా కంటి మీద కునుకు లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఆ డబ్బాల మోతకి నా రొయ్య బెదురుతుందేమోనమ్మా” అన్నారు స్పీకర్లు చూసి.

“నీ రొయ్యకి ఏమీ కాదు మావయ్యా. పూచీ నాది” అంది సలోమి.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎండ లేకపోతే నీళ్లలో గాలి తగ్గుతుందట. అందుకని పగలే పన్నెండు ఏరేటర్లూ వేశారు. కరెంటు పోతే సంగతేమిటని అడిగాను. వెంకటరత్నం గారు షెడ్డులో ఉన్న తన జనరేటర్ చూపించారు.

“నేను నిద్దరలో ఉన్నా సరేనండీ, చప్పుడు ఆగిందంటే లేచి కూర్చుంటా. పదిహేనేళ్ల అలవాటు. చప్పుడున్నంతసేపు దిగుల్లేదు.”

మూడింటికి యాభైమంది చేరారు. హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి. కిరణ్ అనే కుర్రాడు బెంగళూరులో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చాడు. గట్టు మీద బల్ల, బల్ల వెనక సలోమి, బల్లకి ఎదురుగా మేము. చెరువు మా వీపుల వెనక ఉంది. వెంకటరత్నం గారు షెడ్డు అవతల నులకమంచం మీద నడుం వాల్చారు. మూడూ పదికి పాట మొదలైంది.

దాని గురించి ఎక్కువ రాయను. రాస్తే రాదు. ముందు నుంచి డ్రమ్ము, వెనక నుంచి నిజం నీళ్ల చప్పుడు. రెండూ దగ్గరికి వస్తాయి, విడిపోతాయి, మళ్లీ వస్తాయి. ఖాదర్ గారు కూడా బొటనవేలితో వ్యాన్ తలుపు మీద తాళం వేస్తున్నారు. నా మోకాళ్ల సంగతి మర్చిపోయాను. అంత సంతోషం ఈ మధ్య కాలంలో నాకు కలగలేదు.

నాలుగున్నర ప్రాంతంలో ఆ జారుడు పోయింది. తాళం కత్తితో కోసినట్టు శుభ్రంగా కుదిరింది. జనం వెర్రెత్తిపోయారు. నేనూ కేక పెట్టాను. అప్పుడు సలోమి తల ఎత్తి మా భుజాల మీదుగా చూసింది. ఒక్కసారిగా మొత్తం ఆపేసింది.

నిశ్శబ్దం. డ్రాప్ ముందు వచ్చే నిశ్శబ్దమనుకున్నారంతా. చేతులు లేచాయి. ఈలలు, చప్పట్లు. ఎవరో పది నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి దాకా వచ్చినా డ్రమ్ము రాలేదు. సలోమి హెడ్‌ఫోన్ లాగి పడేసి మా మధ్య నుంచి చెరువు వైపు పరిగెత్తింది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాం. పన్నెండు ఏరేటర్లూ ఆగి ఉన్నాయి.

కరెంటు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. స్పీకర్లు ఖాదర్ గారి జనరేటర్ మీద నడుస్తున్నాయి. వాటిలోంచి వస్తున్నది వెంకటరత్నం గారి ఏరేటర్ల చప్పుడే, ఈ చెరువులోనే రికార్డు చేసింది. అది వింటూ ఆయన నిశ్చింతగా కళ్లు మూసుకున్నారు. పాట ఆగిన క్షణానే లేచారు. మేమింకా చేతులెత్తి నిలబడి ఉండగానే ఆక్సిజన్ పొడి డబ్బా పట్టుకుని చెరువులోకి దిగారు. గట్టు పొడుగునా రొయ్యలు పైకి తేలి మూతులు ఆడిస్తున్నాయి.

పొడి జల్లి పైకొచ్చి ఆయన తిప్పిన జనరేటర్ ఆరు ఏరేటర్లనే లాగింది. “నాది కూడా తగిలించండి!” అంటూ ఖాదర్ గారు స్పీకర్ల వైరు పీకేసి కేబుల్ చుట్ట భుజాన వేసుకుని పరిగెత్తారు. చొక్కాలు విప్పిన ఇద్దరు విశాఖ కుర్రాళ్లు పొడి జల్లడానికి దిగారు. కొందరు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఐదింటికి పన్నెండూ తిరిగాయి. ఆ సాయంత్రానికి ఇక పాట లేదు.

ఆరున్నరకి సలోమి గట్టు మీద కూర్చుని నీళ్ల శాంపిల్ చూస్తోంది. పక్కన కూర్చున్నాను.

“పూచీ నాదన్నానండీ. నా పాటే ఆయన్ని నిద్దరపుచ్చింది.” సీసా మూత బిగించి మళ్లీ అంది: “భయంతో ఆపితే అందరూ చేతులెత్తారండీ. చప్పట్లు కొట్టారు.”

వాళ్లంతా అంతేలే అన్నట్టు తలూపాను.

ఆ రాత్రి అవనిగడ్డలో పడుకుని, ఆదివారం ఆరింటి బస్సుకి బందరు చేరి, గుడివాడ బండెక్కాను. అదే పెట్టెలో కిరణ్ కనిపించాడు. సలోమి దగ్గర్నుంచి కబురు వచ్చింది: గట్టు వెంట కొన్ని బుట్టల రొయ్య చచ్చింది, మిగతాది నిలబడింది, ఐదు రోజులు ఆగకుండా ఇవాళే వల వేస్తున్నారు. బరువు తగ్గుతుంది గానీ చెరువు దక్కుతుంది. వెంకటరత్నం గారు తనని ఒక్క మాటా అనలేదట. ఆ చప్పుడు మాత్రం ఇంక ఏ పాటలోనూ పెట్టొద్దన్నారట. సరేనని మాటిచ్చిందట. నాలుగేళ్ల పాటలన్నీ ఇంటర్నెట్లోంచి తీసేస్తోంది. అది చదివి నాకు ఏడుపొచ్చింది.

మా గ్రూపులో మాత్రం సంబరంగా ఉంది. ఇంత పొడవైన నిశ్శబ్దం ఎవరూ చేయలేదని, ధైర్యమంటే అదని రాస్తున్నారు. దివిసీమ చూడాలనుకునేవాళ్లకి దారి చెప్పాను. అవనిగడ్డలో భోజనం బాగుంటుంది, లాడ్జిలున్నాయి. ఉప్పుకయ్య కచేరీ మాత్రం మళ్లీ దొరకదు. దొరికిన రోజున మేం విన్నదేమిటో మాకే తెలియలేదు.

కిరణ్ పక్కకి జరిగి ఫోన్ చూపించాడు. పాట ఆగినప్పుడు అతను బల్ల పక్కన నిలబడి జనాన్ని వీడియో తీశాడు. “ఆంటీ, మధ్యలో మీరే. భలే పడ్డారు.”

చూశాను. రెండు చేతులూ పైకెత్తి, కళ్లు మూసుకుని, నోరారా నవ్వుతున్నాను. నా భుజం వెనక వెంకటరత్నం గారు నడుం లోతు నీళ్లలోకి దిగుతున్నారు.

“గ్రూపులో పెట్టనా?” అన్నాడు.

వద్దని, నాకు పంపమన్నాను. దాన్ని సలోమికి పంపి, కింద ‘నేనూ ఎత్తాను’ అని రాశాను. గుడివాడలో బండి మారాను. భీమవరం దాటాక జవాబు వచ్చింది.

‘అప్పుడే చూశానండి.’