పిట్ట కాలి కడియం

బస్సుల షెడ్డులో మెకానిక్ ఆయన. వేళ్ళు ఒక్కొక్కటీ రోకలిబండ. ఆయన చేతిలో పడ్డ గాజుగ్లాసు బతికి బట్టకట్టదని ఇల్లాలు వంటింటి గడప తొక్కనివ్వదు. అలాంటి మనిషి, చలి ముదరకముందు పిట్టలు వలసపోయే రోజుల్లో, చేతుల గ్రీజు పోయేదాకా రుద్ది కడుక్కుని తెల్లారేసరికి ఊరి చివరి తుప్పల్లో ఉంటాడు. అక్కడ పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కొందరు సన్నటి వలలు కట్టి, పడ్డ పిట్టల కాళ్ళకు నంబరేసిన బుల్లి కడియాలు తొడిగి వదిలేస్తారు, అవి ఎంత దూరం వెళ్తాయో తెలుసుకోవడానికి. రెండేళ్ళుగా గుంజలు పాతడం, సంచులు మోయడమే ఆయన పని. పిట్టను ముట్టుకుంటానని ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు. చంకల్లో చేతులు వెచ్చబెట్టుకుని, పట్టుకునేవాళ్ళ వేళ్ళనే కన్నార్పకుండా చూసేవాడు.

ఆ ఆదివారం ఇల్లాలు కూడా వెంట వచ్చింది. గుప్పెడైనా లేని పాటల పిట్ట ఒకటి వలలో మెలికపడి గిలగిల్లాడుతోంది. వలలు చూసుకునే పెద్దావిడ ఆయన వైపు తిరిగి, "ఇవాళ మీరే తీయండి" అంది.

"అయ్యో, ఆయన చేతికా! నలిగిపోతుందండీ!" అని ఇల్లాలు గుండెలు బాదుకుంది.

ఆయన పిట్ట ఎటునుంచి దూరిందో చూసుకుని ముందు కాళ్ళ మీది పోగులు జార్చాడు, తర్వాత రెక్క విడిపించాడు. మెడ మీది చివరి పోగును ఊపిరి బిగబట్టి గోటితో లేపాడు. అగ్గిపుల్లకన్నా సన్నని కాలికి కడియం తొడిగి, పట్టకారుతో మెత్తగా నొక్కాడు. ఒక్క ఈక రాలలేదు.

"భేష్! ఇక సంచులు ఇంకెవరైనా మోస్తారు" అంది పెద్దావిడ.

అరచెయ్యి తెరిస్తే పిట్ట ఆయన బొటనవేలిని ఒక్క పోటు పొడిచి రివ్వున ఎగిరిపోయింది.

"చూశావా, పొడిచింది!" అని ఆయన పందెం గెలిచినవాడిలా వేలు పైకెత్తి చూపించాడు.

ఇల్లాలు అక్కడున్న అందరికీ వినబడేలా, "మా ఆయనే!" అంది.